గీత, గీత, చుక్క

అన్నయ్యకి,

చెల్లి నమస్కారాలు. నేనిక్కడ క్షేమం. అక్కడ నువ్వూ వదినా క్షేమమని తలుస్తాను అని రాయాలి. ఇన్నాళ్ళూ అలాగే రాశాను. ఈసారి ఆ మాట దగ్గర వేళ్ళు ఆగాయి. క్షేమంగా లేవని నీ ఉత్తరమే చెప్పాక, ఉన్నావని తలవడం తలపు కాదు, నటన.

ముందుగా ఒక మనవి. ఈ ఉత్తరాన్ని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విను. నీ యంత్రాన్ని స్పీకర్లో చదవనివ్వకు. ఎందుకో పోనుపోను నీకే తెలుస్తుంది. "అన్నాచెల్లెళ్ళ మధ్య నాకు తెలియని రహస్యాలేమిటో" అని వదిన దెప్పితే, దుప్పట్ల గురించి రాసిందని చెప్పు. నమ్మదు గాని ఊరుకుంటుంది.

నువ్వు అడిగినవాటికి ఒక్కొక్కటిగా జవాబులు. దగ్గు తగ్గింది. తింటున్నాను. హాస్టల్ వంటమనిషి ఉప్పు మరిచిపోయిన రోజు తక్కువ తింటాను, గుర్తున్న రోజు ఇంకా తక్కువ తింటాను. గది మారలేదు. కిటికీ ఇప్పటికీ లాండ్రీ వెనక గోడ వైపే తెరుచుకుంటుంది. పొద్దున్నే ఆవిరి లోపలికొచ్చి నా పుస్తకాల అట్టలు వంగిపోతున్నాయి. భవనాల నక్షాలు గీయడం చదువుతున్న అమ్మాయే ఇంకా నాతో ఉంటోంది. నిన్న నా మంచానికీ కిటికీకీ మధ్య దూరం కొలిచి, "నువ్వు ఎనిమిది అంగుళాలు నా వైపు ఉన్నావు" అంది. జరిగాను.

"కొత్త మాటలేమైనా ఏరుకున్నావా" అన్నావు. ఈ నెల నలభై మూడు. రెండో నోటుబుక్కు మొదలైంది. "ఒడుపు" అన్న మాట నాకెంత నచ్చిందంటే, రెండు రోజులపాటు దేనికైనా అదే వాడాను. మా కత్తెర మేడం దాన్ని ఏడు చోట్ల కొట్టేశారు. మేమంతా చాటున ఆవిడని అలాగే అంటాం. మేం రాసినదాని మీద ఆవిడ ఎర్ర కలం పడ్డాక మిగిలేది, మంగలి కుర్చీలోంచి లేచిన తల లాగే ఉంటుంది.

ఇక వదిన అడిగిన ప్రశ్న. "మీ చెల్లెలు అక్కడ ఏం పని చేస్తోందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి?" నీకు తెలిసిన సంగతే గాని, వదిన కోసం మొదటి నుంచీ రాస్తాను. కంప్యూటరుకి పనులు చెప్పడానికి ఒక ప్రోగ్రామింగ్ భాష ఉంది. దాని ఆజ్ఞలూ అది ఇచ్చే జవాబులూ మన మాటల్లోనే ఉంటాయి, అందుకే బడుల్లో, చిన్న చిన్న ఆఫీసుల్లో బాగా అల్లుకుంది. ఆ భాషలో రాసిన ప్రోగ్రాములను తెచ్చిపెట్టడానికి, నడపడానికి దానికో పనిముట్టు ఉంది. బొమ్మలూ మీటలూ ఏమీ ఉండవు. ఖాళీ తెర మీద దాని పేరు టైపు చేసి, పక్కన చేయాల్సిన పని టైపు చేస్తే, చేసి చెబుతుంది. పదకొండేళ్ళ కిందట పుట్టినప్పుడు దాని పేరు "బుట్ట". "బుట్ట నడుపు తర్వాత" అని టైపు చేస్తే, తర్వాతి నంబరు ఎవరిదో, ఏ గదికి వెళ్ళాలో చెబుతుంది. ఆసుపత్రి హాలులో నువ్వు తొమ్మిదేళ్ళుగా చేస్తున్న పని అదే. "బొమ్మలున్న యంత్రం నాకెందుకు, మాట ఇస్తే మాట తిరిగిచ్చేది చాలు" అంటావు కదా.

మూడేళ్ళ కిందట పెద్దవాళ్ళు దాని పేరు మార్చారు. బుట్ట అంటే కూరగాయలు గుర్తొస్తున్నాయట. కొత్త పేరు "సారథి". పాత పేరు టైపు చేసినా ఇన్నాళ్ళూ గమ్మున పనిచేసింది కాబట్టి ఎవరూ మానలేదు. ఈ ఏడు మాత్రం, పాత పేరు టైపు చేస్తే ముందు ఒక హెచ్చరిక చెప్పి, తర్వాతే పని చేయాలని నిర్ణయించారు. వచ్చే ఏడు పాత పేరు పూర్తిగా తీసేస్తారు. ఈ పనిముట్టు ఎలా వాడాలో చెప్పే పత్రాలన్నిటిలో పేరు మార్చడానికి విద్యార్థులను తీసుకున్నారు. అందులో నేనొకదాన్ని. వెయ్యిన్నీ మూడువందల పన్నెండు చోట్ల మార్చాను. ఒకేసారి అన్నీ మార్చే మీట ఉంది గాని, నాకంటే ముందు వచ్చినతను ఆ మీట నొక్కి వెళ్ళిపోయాడు. ఇప్పుడు పదో పాఠంలో ఒక రైతు "కూరగాయల సారథి" మోసుకుంటూ సంతకి వెళుతున్నాడు. అందుకని నేను ఒక్కోదాన్నీ చదివి, ఆలోచించి, మార్చాను. చివర్న నా పేరు వేస్తామన్నారు. పత్రాల్లో నా పేరు, అన్నయ్యా. ఎన్నిసార్లు ఆ పేజీ తెరిచి చూసుకున్నానో చెబితే నవ్వుతావు.

నవ్వించడం అయింది. ఇప్పుడు నీ సోమవారం.

నువ్వు రాసింది నాకు నోటికొచ్చేసింది. చిన్నప్పుడు నీకు పేపరు చదివి వినిపించాక నువ్వు "ఏం విన్నానో చెప్పనా" అని తిరిగి అప్పజెప్పేవాడివి, నేను ఎక్కడ మింగానో పట్టేసేవాడివి. నోరు తిరగని మాట వస్తే నేను చప్పుడు చేయకుండా దాటేసేదాన్ని. "దాటేసిన మాట కూడా వినబడుతుందే, అక్కడ నీ గొంతు పరిగెత్తుతుంది" అనేవాడివి. ఇప్పుడు నేను అప్పజెబుతాను, నువ్వు సరిచూడు.

ఆదివారం సెలవు. హాలు కంప్యూటరు దానంతటదే పనిముట్టు కొత్త రూపు దించుకుంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి నువ్వు పిలుపుల గదిలో కూర్చుని, ఎప్పటిలాగే యంత్రం గొంతుని హాలు స్పీకర్లకి కలిపి, మొదటి నంబరు కోసం టైపు చేశావు. యంత్రం హాలంతటికీ వినబడేలా ఇలా అంది: "ఇంకా బుట్ట మోస్తున్నారా? లోకం దింపేసి చాలా కాలమైంది. కాస్త ఎదగండి." ఆ తర్వాత "గీత, గీత, చుక్క, గీత, ఖాళీ, చుక్క, చుక్క" అని మొదలుపెట్టింది. నువ్వు లెక్కపెట్టావు, రెండువందల పన్నెండు. అవన్నీ అయ్యాకే "ఒకటో నంబరు, నాలుగో గది."

ముందు వరసలో ఒళ్ళో బుట్ట పెట్టుకున్న ముసలావిడ గబుక్కున దాన్ని కింద పెట్టేసి, "దింపానయ్యా, దింపాను" అంది. హాలంతా నవ్వింది. నువ్వూ నవ్వావు. రెండో నంబరుకి మళ్ళీ అదే. "ఒకసారి దింపానన్నాగా, మళ్ళీ ఎన్నిసార్లు దింపను?" అందావిడ. ఐదో నంబరుకి కాలికి కట్టుతో ఉన్నాయన ఎవరో, "నడవడమే రావట్లేదు బాబూ, ఇంకేం ఎదుగుతాను" అన్నాడు. దానికీ నవ్వారు.

తర్వాత నవ్వడం మానేశారు. ఒక్కో పిలుపుకి రెండు నిమిషాలు. తొంభై మంది. పన్నెండింటికి ఖాళీ కావలసిన హాలు మూడున్నరకి ఖాళీ అయింది. స్పీకర్లు తీసేసి, గీతలూ చుక్కలూ నువ్వొక్కడివే విని, నంబరు నీ గొంతుతో చెప్పావు. అయినా రెండు నిమిషాలు రెండు నిమిషాలే. ఆలోగా హాలు ఆ వాక్యం నేర్చేసుకుంది. ప్రతి పిలుపుకి ముందు ఎవరో ఒకరు గట్టిగా "కాస్త ఎదగండి" అనడం, నలుగురు అందుకోవడం. ఒకాయన నీ గది అద్దం దగ్గరికొచ్చి, గొంతు తగ్గించకుండానే, "గుడ్డివాణ్ణి తెచ్చి మైకు ముందు కూర్చోబెడితే ఇంతే" అన్నాడు. నాకు కనబడదు కాబట్టి వినబడదు కూడా అనుకుంటారు అని రాశావు, ఆ ఒక్క వాక్యం తర్వాత నీ ఉత్తరంలో రెండు లైన్లు ఖాళీగా ఉన్నాయి. సూపరింటెండెంటు వచ్చి "ఇది ఆసుపత్రా, నాటకాల కంపెనీయా" అన్నాడు.

ఆ సాయంత్రం నాకు ఫోను చేశావు. కొత్త పేరు ఏమిటే అన్నావు. సారథి అన్నాను. "అంత ఠక్కున చెప్పావేం?" అన్నావు. "అక్కడే కదా పనిచేస్తున్నాను" అన్నాను. మంగళవారం పొద్దున నువ్వు "సారథి నడుపు తర్వాత" అని టైపు చేశావు, యంత్రం ఏ తిట్టూ లేకుండా నంబరు చెప్పింది. అంతటితో అయిపోయిందనుకున్నావు. నేనూ అనుకున్నాను.

సూపరింటెండెంటు మావాళ్ళకి ఫిర్యాదు రాశాడు. గురువారం జవాబొచ్చింది. నువ్వు దాన్ని ఉత్తరంతోబాటు నాకు పంపావు: "మీ ఫిర్యాదు అందింది. సదరు సందేశాన్ని విడుదలకు ముందే, మీ ఆసుపత్రి పిలుపుల గదిలో పనిచేసే చూపులేని ఉద్యోగి స్వయంగా విని ఆమోదించారు. వివరాలు వారినే అడగగలరు."

అడిగాడు. అందరి ముందూ అడిగాడు. "నువ్వే విని బాగుందన్నావట, మరి సోమవారమంతా తెలియనట్టు నటించావా? హాలుని నవ్వించాలని సరదా పడ్డావా?" అన్నాడు. నేను వినలేదు సార్ అన్నావు. "అక్కడ రాసిపెట్టి ఉంది. వాళ్ళకి అబద్ధం చెప్పాల్సిన అవసరమేముంది?" అన్నాడు. శుక్రవారం నుంచి నువ్వు బట్టల గదిలో కూర్చుని కట్టు గుడ్డలు మడతపెడుతున్నావు. తొమ్మిదేళ్ళపాటు ఆ హాలులో నీ గొంతు వినబడగానే జనం లేచి నిలబడేవాళ్ళు. ఇప్పుడు ఎర్ర అంకెల బోర్డు తెప్పిస్తున్నారట. ఈ బుధవారం విచారణ.

సరిగ్గా అప్పజెప్పానా?

నీ ఉత్తరంలో నాకు నిద్ర పట్టనివ్వని చోట్లు మూడున్నాయి. ఒకటి: "ఎప్పుడో నా గురించి నువ్వు మాటల్లో చెప్పి ఉంటావు, అది పట్టుకుని వాళ్ళు రాసేసుకున్నారు. నీ తప్పేం లేదు, బాధపడకు." రెండోది: "ఆ జవాబు రాసినవాడెవడో గాని చెయ్యి తిరిగినవాడు. వదిన చదివింది. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. దాచుకో, నేర్చుకుంటావు." మూడోది: "ఆ తిట్టు రాసిన మనిషెవరో కనుక్కో. గొడవ పెట్టకు. ఒక్కటే అడుగు. ఇది ఎవరికైనా వినిపించి చూశావా అని."

కనుక్కున్నాను అన్నయ్యా. పెద్దగా వెతకాల్సిన పని పడలేదు.

ఇక్కడి నుంచి నా గొంతు పరిగెత్తదు. ఏదీ దాటెయ్యను.

హెచ్చరికకి మొదట కత్తెర మేడం రాసిన వాక్యం ఇది: "బుట్ట అన్న పేరు మారింది. ఇకపై సారథి అని టైపు చేయండి." అది వినబడి ఉంటే నీ సోమవారం ఒక్క నిమిషంలో అయిపోయేది. సమావేశంలో, పనిముట్టు రాసే పెద్దాయన ఒకరున్నారు, తెర మీద చుక్కలతో బొమ్మలు గీస్తారని ఆయన్ని చుక్కలాయన అంటాం, ఆయన పెదవి విరిచారు. "మూడేళ్ళ నుంచీ ప్రకటనల్లో ఇలాగే మర్యాదగా చెబుతున్నాం, ఎవడు విన్నాడు? గుచ్చుకోవాలి. పాత పేరు పట్టుకుని వేలాడేవాడికి సిగ్గేయాలి."

"అయితే రాయండి" అన్నారు మేడం.

"నాకు బొమ్మలొచ్చు గాని మాటలు రావు."

మేడం నా వైపు చూశారు. "నోటుబుక్కుల్లో మాటలు ఏరుకుంటావుగా. ఏదీ, ఒకటి తియ్యి."

ఆ గదిలో నేను అందరికంటే చిన్నదాన్ని. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. పాత పేరు వదలనివాళ్ళు ఎలా ఉంటారు అని ఆలోచించాను. నువ్వు గుర్తొచ్చావు. హ్యాండిల్ విరిగితే దారంతో కట్టుకుని, కొత్తది కొనిస్తానంటే "దీని గొంతు నాకు తెలుసు" అనే నీ రేడియో. ఆ రేడియో సంగతి వాళ్ళకి చెప్పాను. నీ గొంతు పెట్టి, నీలా మెడ ఒక పక్కకి వంచి, చేసి చూపించాను. అందరూ నవ్వారు. చుక్కలాయన కళ్ళు తుడుచుకున్నారు. ఆ నవ్వులోనే నాకు వాక్యం వచ్చేసింది. ఇంకా బుట్ట మోస్తున్నారా. లోకం దింపేసి చాలా కాలమైంది. కాస్త ఎదగండి. మూడు ముక్కలు, ఒక్కోటి ముందుదానికంటే పొట్టిగా ఉండాలనుకున్నాను. రెండోది కుదరలేదు గాని మూడోది కుదిరింది. ఒడుపుగా ఉందని మురిసిపోయాను.

"కొత్త పేరు ఎక్కడ?" అన్నారు మేడం.

"కింద నేను గీస్తాను. చుక్కలూ గీతలతో, తెర నిండా, పెద్ద అక్షరాల్లో సారథి. కళ్ళున్నవాడెవడి చూపు నుంచీ తప్పిపోదు" అన్నారు చుక్కలాయన.

తప్పిపోలేదు. కళ్ళున్నవాడెవడి చూపు నుంచీ తప్పిపోలేదు. నీ యంత్రం ఒక్కోదాన్నీ దాని పేరుతో చదివింది. నువ్వు లెక్కపెట్టిన రెండువందల పన్నెండూ కలిపితే "సారథి", అన్నయ్యా. నీకు కావలసిన మాటే ఆ ఒక్కరోజులో నీకు తొంభైసార్లు చెప్పింది.

అది మొదటిది. తెలివితక్కువతనం అనుకుంటే అనుకోవచ్చు. రెండోదానికి ఆ పేరు సరిపోదు.

ఏ సందేశమైనా విడుదల కావాలంటే దానికో పరీక్ష పత్రం నింపాలి. పదకొండు ప్రశ్నలుంటాయి. తొమ్మిదోది: "చూపు లేనివారికి వినిపించి చూశారా? ఎవరికి? వారి పని ఏమిటి?" అసలు నన్ను ఈ పనికి తీసుకున్నది ఆ ప్రశ్న వల్లే. మా అన్నయ్య రోజూ ఇది వాడతాడు, ఏదైనా ఆయనకి వినిపించి చూస్తాను అని దరఖాస్తులో రాశాను. వేరేవాళ్ళకి లేని అర్హత నాకు అదొక్కటే.

వినిపిద్దామనే నీకు ఫోను చేశాను. గుర్తుందా, ఒక శనివారం మధ్యాహ్నం, ఊరికే చేశానన్నాను. నువ్వు చొక్కా గుండీ కుట్టుకుంటున్నావు. పళ్ళ మధ్య దారం పెట్టుకుని "చెప్పు" అన్నావు. కాగితం నా చేతిలోనే ఉంది. చదవబోయాను. చదివితే నువ్వేమంటావో ముందే వినబడింది. "ఇదెవర్ని తిడుతోందే?" అంటావు. ఆ తర్వాత నాకు ఆ వాక్యం నచ్చదు. నచ్చకపోతే తీసేయాలి. తీసేస్తే మళ్ళీ ఆ గదిలో నన్ను ఎవరూ ఏమీ అడగరు. "ఊరికే చేశాను" అన్నాను. "అయితే ఊరికే ఏదో ఒకటి చదివి వినిపించు, నీ గొంతు విని చాలా రోజులైంది" అన్నావు. హాస్టల్ గోడ మీదున్న నిబంధనలు చదివి వినిపించాను. ఎనిమిదో నిబంధన దగ్గర నవ్వావు.

ఫోను పెట్టేసి తొమ్మిదో ప్రశ్నకి జవాబు రాశాను. "అవును. మా అన్నయ్యకి. ఆసుపత్రి పిలుపుల గదిలో ఉద్యోగి. ఆమోదించారు." కింద ఆసుపత్రి పేరు, నీ పేరు. తీరిక లేక కాదు, మరిచిపోయి కాదు. నువ్వు వద్దంటావని తెలిసి.

మూడోది.

సూపరింటెండెంటు ఫిర్యాదు వచ్చినరోజు మేడం ఆ కాగితం నా బల్ల మీద పెట్టారు. "నీ పత్రం చూశాను. వాళ్ళ మనిషే విని ఒప్పుకున్నాడు కదా, ఇంకేం. జవాబు నువ్వే రాయి. మూడు వాక్యాలు. ఒక్క మాట ఎక్కువైనా నా ఎర్ర కలం ఉంది."

పైన ఆసుపత్రి పేరు చూశాను. అప్పటికి నువ్వు సోమవారం సంగతి ఫోనులో చెప్పేశావు. అన్నీ తెలిసి కూర్చున్నాను. "మేడం, నేను వినిపించలేదు" అనడానికి మూడు వాక్యాలు కూడా అక్కర్లేదు. ఆవిడ అక్కడే, నా బల్లకి ఆనుకుని, టీ తాగుతున్నారు. కప్పు ఖాళీ అయ్యేదాకా నాకు సమయముంది.

మొదటి వాక్యం మామూలుగా రాశాను. రెండో దానిలో "విని ఆమోదించారు" ముందు "స్వయంగా" అన్న మాట వేస్తే బరువొస్తుందని వేశాను. మూడోది ఎలా ముగించాలో తోచక కాసేపు కిటికీ వైపు చూశాను. "వివరాలు వారినే అడగగలరు" అని తట్టింది. రాయగానే తెలిసింది, ఇక ఎవరూ మావైపు రారని, అడగాల్సినవాళ్ళంతా నీ వైపే వెళతారని. తెలిసే ఉంచాను. వాక్యం బాగుంది అన్నయ్యా. అదే నేను చెప్పలేకపోతున్నది. అంతా తెలిసి కూడా, లోపల ఎక్కడో, బాగుంది అనిపించింది.

మేడం చదివారు. ఎర్ర కలం మూత తీశారు, మళ్ళీ పెట్టేశారు. "కొట్టేయడానికేం లేదు" అన్నారు. ఆవిడ దగ్గర ఆ మాట వినాలని నాలుగు నెలల నుంచీ ఎదురుచూశాను.

నువ్వు నేర్చుకోమని పంపిన ఉత్తరం నేను రాసిందే. ఆ చెయ్యి తిరిగినవాడు నేనే.

ఇదంతా నీకు రాసేసి, నీకొక్కడికే రాసి, ఊరుకుందామని రెండు రోజులు అనుకున్నాను. అదీ చెప్పాలి. బుధవారం విచారణలో నువ్వు ఈ ఉత్తరం చూపించవని నాకు తెలుసు. "నాకేం గుర్తులేదు సార్, వినే ఉంటాను" అని నా కోసం ఒప్పుకుంటావని కూడా తెలుసు. అప్పుడు నా మనసు తేలికవుతుంది, నా పేరు పత్రాల్లో ఉంటుంది, నువ్వు గుడ్డలు మడతపెడుతూ ఉంటావు. ఆ లెక్క ఎంత చక్కగా కుదిరిందో చూసి నాకు నా మీదే భయమేసింది.

అందుకని నీకంటే ముందు సూపరింటెండెంటుకి రాశాను. నిన్న పొద్దున. నువ్వు ఆపడానికి వీల్లేకుండా. వినిపించలేదని, ఆమోదించారన్నది అబద్ధమని, ఆ అబద్ధం రాసింది ఫలానా నేనని. మేడంకీ ఒక ప్రతి ఇచ్చాను.

మేడం నిలబడే చదివారు. కేకలు వేయలేదు. "నీ పేరు తీసేస్తాం. రేపటి నుంచి రానక్కర్లేదు" అన్నారు.

"ఆ వాక్యం?" అన్నాను.

"ఉంటుంది. జనానికి నచ్చింది, ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. కింద వేరేవాళ్ళ పేరు పడుతుంది. పేర్లు మార్చడమే కదా ఇక్కడ మన పని."

బొమ్మ కింద కొత్త పేరుని మామూలు అక్షరాల్లో ఒక్క లైను వేయమని చుక్కలాయన్ని బతిమాలాను. ఆయన తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "చూపులేనివాళ్ళు ఎంతమంది వాడుతున్నారు దీన్ని? మాకు తెలిసి ఒక్కరు. ఆ ఒక్కరికీ ఇప్పుడు దీంతో పని లేదటగా."

ఈ పొద్దున సూపరింటెండెంటు జవాబు వచ్చింది. ఆయనా తక్కువ మాటల మనిషే. "మీ ఉత్తరం అందింది. నిజం చెప్పినందుకు సంతోషం. విచారణ రద్దు చేశాం, మీ అన్నగారి మీద ఏ మచ్చా లేదు. హాలులో అంకెల బోర్డు శనివారమే బిగించాం. అది ఎవరినీ ఏమీ అనడం లేదు. ఆయన బట్టల గదిలో బాగానే సర్దుకున్నారు."

నాలుగైదుసార్లు చదివాను, ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని. దొరకలేదు. నేను రాసినట్టే రాశాడు.

బోర్డుకి గొంతు లేదు. హాలులో నీలాంటివాళ్ళెవరైనా కూర్చుని ఉంటే, తమ నంబరు వచ్చి వెళ్ళిపోయిందని వాళ్ళకి ఎవరు చెబుతారని అడుగుతూ మళ్ళీ రాశాను. ఇంకా జవాబు లేదు. ప్రతి సోమవారం రాస్తాను. నాకిప్పుడు వేరే పని లేదు.

ఇక ఇయర్‌ఫోన్లు తీసెయ్. మొదటి నుంచీ మళ్ళీ పెట్టు, ఈసారి స్పీకర్లో. వదినని పిలిచి పక్కన కూర్చోబెట్టు. దుప్పట్ల గురించి రాసిందన్న మాట దగ్గర ఆవిడ నవ్వితే నవ్వనివ్వు. తర్వాత ఆవిడ అనబోయేవన్నీ ఆపకుండా అననివ్వు. నీ యంత్రానికి ఏ మాట దగ్గరా గొంతు మారదు. నా మాటలు అలాగే వినాలి.

నువ్వు అడగమన్న ఆ ఒక్క ప్రశ్న ఆ మనిషిని అడిగాను అన్నయ్యా. ఇది ఎవరికైనా వినిపించి చూశావా అని.

లేదంది.

ఇట్లు,
నీకు పేపరు చదివి పెట్టిన
చెల్లి